పదును వాన కోసం

బాలామణి తోట సంగతి వినగానే మొదట నవ్వింది ఇరుగుపొరుగు జర్మన్లు కాదు, ఆమె మొగుడు విశ్వనాథమే. "నాలుగేళ్ళు పేరు రాయించుకుని కాచుక్కూచుని, ఆరు సెంట్ల ఇసుక కౌలుకు తెచ్చుకుందండీ మా ఆవిడ! మా తెనాల్లో అయితే అది బాతులు తోలుకోవడానిక్కూడా చాలదు" అని ఆఫీసులో కనపడిన తెలుగువాడికల్లా చెప్పాడు. వెక్కిరింతో గొప్పో ఆయనకే తెలియదు. రెండూ కలిపే చెప్పి ఉంటాడు.

ఆయన వాల్డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. బాలామణి ఆ ఊళ్ళోనే ఒక క్యాంటీన్‌లో రోజుకు నాలుగు గంటలు సలాడ్ల కౌంటర్ చూసుకుంటుంది. అనంతపురం జిల్లా కణేకల్లు దగ్గర బళ్ళో పదేళ్ళు సోషల్ పాఠాలు చెప్పిన మనిషి. ఇక్కడికి వచ్చాక ఆ సర్టిఫికెట్లు చెల్లవన్నారు. సరేనంది. వచ్చి పదకొండేళ్ళయింది. వీసా ఆయన ఉద్యోగపు బ్లూ కార్డు వెంబడి వచ్చింది, ఇంటి అద్దె కాగితం ఆయన పేరు మీద ఉంది, కరెంటు బిల్లూ ఆయనదే. ఏ ఆఫీసుకు టెర్మిన్, అంటే ముందుగా సమయం, తీసుకుని వెళ్ళినా బల్ల అవతల కూర్చున్నవాళ్ళు ముందు ఆయన మొహమే చూసేవాళ్ళు. అలాంటిది, మార్చి నెలలో తోటల సంఘం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. దాని మీద ఒకే ఒక్క పేరు, ఫ్రావ్, అంటే శ్రీమతి, బాలామణి కొల్లిపర. ఆ ఉత్తరాన్ని వంటింట్లో నిలబడి మూడుసార్లు చదువుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయలు తరుగుతున్నాను కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

అయితే అది ఇంకా ఖాయమైన కౌలు కాదు. ఊరి చివర వంద చిన్న తోటలున్నాయి, వాటన్నిటికీ కలిపి ఒక సంఘం, ఫెరైన్ అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి వేసవి పరీక్ష. తోటలో మూడో వంతు నేలలో కూరగాయలో పండ్లో పెంచి తీరాలి. సంఘం వాళ్ళు వచ్చి టేపు పెట్టి కొలుస్తారు. బాగుందంటే అసలు కాగితం మీద సంతకం. బాగాలేదంటే తాళంచెవి తిరిగి ఇచ్చేయాలి, వెనక ఎనభై మంది వరసలో ఉన్నారు.

ఆ నేల సంగతి కూడా చెప్పాలి. వాల్డార్ఫ్ నుంచి సాండ్‌హౌసెన్ దాకా కింద అంతా ఇసుకే. దేవదారు చెట్ల మధ్య నిజంగా ఇసుక దిబ్బలున్నాయి, వాటి చుట్టూ కంచె వేసి కాపాడుకుంటారు. జర్మనీ అంటే పచ్చిక, పొగమంచు అనుకునే మనవాళ్ళు ఆ దిబ్బలు చూసి నోరు వెళ్ళబెడతారు. బాలామణి మాత్రం మొదటిసారి చూసినప్పుడు సైకిల్ పక్కన పడేసి, చెప్పులు విప్పి నడిచింది. కణేకల్లు వైపు హగరి నది ఇసుక గాలికి లేచి పొలాల మీద పడుతుంది. ఆంధ్రాలో ఎడారి చూడాలంటే అక్కడికే పోవాలి. ఆ ఇసుక పక్కన నాలుగెకరాల మెట్ట చేసిన బ్రహ్మయ్య కూతురు ఆమె. బోరు లేదు, కాలువ లేదు. ఆకాశమే దిక్కు.

అందుకే ఏప్రిల్ నెలంతా క్యాంటీన్ పని కాగానే తోటకు పోయి ఒళ్ళు హూనం చేసుకుంది. ఫోర్కుతో మూరెడు లోతున తవ్వింది. గడ్డి వేళ్ళు ఏరింది, గడ్డలు చితక్కొట్టింది. పాత గడ్డి, ఆకులు కుళ్ళిన ఎరువు పన్నెండు తోపుడుబండ్లు తెచ్చి కలిపింది. నేలను చదును చేసి, పరుపులా మెత్తగా తయారుచేసింది. చేసి, ఊరుకుంది.

మే నెల మధ్యలో మంచు భయం పోగానే చుట్టుపక్కల తోటలవాళ్ళంతా టమాటా నారు, గుమ్మడి నారు నాటుకున్నారు. డబ్బాలతో పొద్దునా సాయంత్రం నీళ్ళు పోసుకున్నారు. బాలామణి నాటలేదు. ఎందుకయ్యా అంటే, వాన పడలేదని! నవ్వకండి. ఆమె పుట్టిన చోట వేసవిలో నేల దున్ని పెట్టుకుంటారు, జూన్‌లో వాన కోసం చూస్తారు, పదును దిగితేనే విత్తనం వేస్తారు. పదును అంటే పై తడి కాదు. వాన నీళ్ళు లోపలికి దిగి, కింది తేమను అందుకుని, నేలంతా ఒకటిగా చెమ్మ కావాలి. పదకొండేళ్ళుగా గొడుగు లేకుండా గడప దాటని దేశం కదా, ఇక్కడ వానకేం కరువని ఆమె ధీమా. కానీ ఆ ఏడు ఏప్రిల్ ఎండిపోయింది, మే ఎండిపోయింది. ఆమె మాత్రం జూన్ వస్తుందని కూర్చుంది. అనంతపురం వాన జర్మనీకి ఎట్లా వస్తుందని ఒక్క క్షణం ఆగి ఆలోచించలేదు. చదువుకున్న మనిషే, పిల్లలకు రుతుపవనాల పాఠం చెప్పిన మనిషే! కానీ చేతికి మట్టి అంటుకుంటే చదువు పక్కకు పోతుంది కాబోలు.

"కుళాయి పక్కనే ఉందిగా! తిప్పితే పోలా?" అన్నాడు విశ్వనాథం.

"మీ తెనాలోళ్ళకేం, కాలువ తిప్పితే సేద్యం అయిపోతాది. పైన నీళ్ళు పోస్తే పైన తడుస్తాది, కింద బూడిదే ఉంటాది. మొలక బయటికొచ్చి, వేరు దిగల్యాక సచ్చిపోతాది. వానొస్తాది, ఉండండి."

పదమూడేళ్ళ కూతురు రుచిత ఫోన్‌లోంచి తల ఎత్తకుండా జర్మన్‌లో, "ఇక్కడ అందరూ నీళ్ళు పోసే పెంచుతారు మమ్మా" అంది.

"నువ్వు తెలుగులో చెప్పు, అప్పుడు ఇంటాను" అంది బాలామణి. పంతం అంటే ఆమెదే.

జూన్ మొదటి శనివారం సంఘం అధ్యక్షుడు వచ్చాడు. పేరు బ్రెనర్, డెబ్బై దాటిన మనిషి, చెమటకు రంగు మారిన గడ్డి టోపీ, జేబులో టేపు. తాతల నుంచీ ఆ ఇసుకలోనే తెల్ల ఆస్పరాగస్ పండించిన కుటుంబం. బాలామణి తోట ముందు నిలబడి, కలుపు మొక్క కూడా లేని ఆ బోడి నేలను చూశాడు.

"ఇక్కడ ఏం వేశారు?"

"ఇంకా వేయలేదు. నేల తయారుగా ఉంది."

"నేను మొక్కల్ని కొలవాలి ఫ్రావ్ కొల్లిపర. తయారుగా ఉన్నదాన్ని కొలిచే గడి నా కాగితంలో లేదు" అని చెప్పి, ఏదో రాసుకుని, మర్యాదగా టోపీ తాకి వెళ్ళిపోయాడు.

పది రోజులకు ఉత్తరం దిగింది. జూలై పన్నెండున మళ్ళీ చూస్తామని, అప్పటికి మూడో వంతు సాగులో లేకపోతే కౌలు ఖాయం చేయలేమని రాశారు. ఆ ఉత్తరం మీద కూడా ఆమె ఒక్కదాని పేరే ఉంది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

సరే, పంతం పక్కన పెట్టి నీళ్ళు పోసైనా విత్తుదామని మర్నాడు అనుకుందా, అప్పుడు మొదలైంది ఎండ. ఎండంటే మామూలు ఎండా! ముప్పై నాలుగు, ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది. వాళ్ళ ఇల్లు పైకప్పు కిందే, ఫ్యాన్ వేస్తే వేడిగాలి, తీసేస్తే ఉక్క. ఎదురింటి ముసలావిడ పొద్దున ఏడింటికల్లా కిటికీలన్నీ మూసి షట్టర్లు దించేసేది. గడ్డి బిస్కెట్ రంగుకు మారింది. తోటల సంఘం బావిలో నీటిమట్టం పడిపోయింది. గేటు దగ్గర కాగితం అంటించారు, తోటకు రోజుకు రెండు డబ్బాల నీళ్ళే, అవీ సాయంత్రం ఏడు తర్వాతే. ఉన్న టమాటాలను బతికించుకోవడానికే అవి చాలవు. రెండు సెంట్ల పొడి ఇసుకను తడిపి కొత్తగా విత్తడమంటే నవ్విపోతారు.

ఆమె అవస్థ చూడలేక విశ్వనాథం ఒక తెలివైన పని చేశాడు. తెలివైనదని ఆయన అనుకున్నాడు. ఆదివారాల్లో దుకాణాలుండవు కాబట్టి శనివారమే పోయి ఇరవై నాలుగు క్యాప్సికం మొక్కలు కొనుక్కొచ్చి, మిట్టమధ్యాహ్నం ఒక్కడే తోటకు వెళ్ళి, ఆ మెత్తటి నేలలో వరసగా గుచ్చి, ముందురోజు సాయంత్రం పట్టిపెట్టిన రెండు డబ్బాలూ పోసి వచ్చాడు. "ముందు ఏదో ఒకటి పచ్చగా కనపడాలే బాలా. వాళ్ళు కొలిచి పోయాక నీ పద్ధతి నువ్వు చేసుకో" అన్నాడు.

సోమవారం సాయంత్రానికి అవన్నీ వాలిపోయాయి. ఆకులు కాగితంలా గలగలమంటున్నాయి. బాలామణి ఒక్కోదాన్నీ పీకి కుప్ప వేసింది. ఆయన్ని తిట్టి ఉంటే ఆయనకు తేలిగ్గా ఉండేది. మొక్కలన్నీ పీకాక గట్టు మీద కూర్చుని ఏడ్చింది.

"సారీనే. నాకు సేద్యం ఏం తెలుసు" అన్నాడాయన పక్కన కూర్చుంటూ.

"మీ తప్పు కాదండీ. నాది. మేలో అందరితో పాటు ఏసుకోనుంటే అయిపోయుండు. మా నాయన సేద్యం తెచ్చి ఈడ పెడ్తి. నాకు తెలీదని ఒప్పుకోడానికి సిగ్గయింది." ఇన్నేళ్ళలో తను ఏదన్నా బాగా చేయగలదని ఈ దేశానికి చూపించాలనుకున్న ఒకే ఒక్క పనిలో తప్పు చేసింది మరి.

అయినా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇక మిగిలిన దారి ఒకటే, పన్నెండో తారీఖుకు ముందు గట్టి ఉరుముల వాన ఒకటి పడాలి. పడితే అలసందలు నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి. హైడెల్‌బర్గ్‌లో ఇండియన్ షాపుకు పోయి రెండు కిలోల అలసందలు, ఒక కిలో ఉలవలు తెచ్చింది. గుప్పెడు తడిగుడ్డలో కట్టి మొలకశక్తి చూసుకుంది. పదికి తొమ్మిది మొలిచాయి. రోజూ తోటకు పోయి పై మట్టిని ఇనుప పళ్ళ రేక్‌తో మళ్ళీ మళ్ళీ కదిలించేది. నేల గట్టిపడి నోరు మూసుకుంటే పడిన వాన జారిపోతుందని ఆమె భయం. ఆ ఎండలో ఎవరూ లేని తోటల మధ్య ఈమె ఒక్కతే ఉత్త మట్టిని దువ్వుతుంటే, పక్క తోటలవాళ్ళు జాలిగా చూసి పలకరించడం కూడా మానేశారు.

ఇక వాన! ఫోన్‌లో వాతావరణం యాప్ మూడుసార్లు ఎర్రగా అరిచింది. మూడుసార్లూ పడమట ఫాల్జ్ కొండల మీద మబ్బులు నల్లగా లేచాయి, గాలి దుమారం రేగింది, బాల్కనీలో ఆరేసిన దుప్పట్లు ఎగిరాయి. మూడుసార్లూ అటు నుంచి రైన్ నది దాటి, వీళ్ళ నెత్తి మీదుగా పోయి, తూర్పున ఓడెన్‌వాల్డ్ అడవి మీద కురిసింది. ఇక్కడ నాలుగు చినుకులు, అంతే. మూడోసారి బాలామణి బాల్కనీలో నిలబడి ఆకాశాన్ని తిట్టింది. "ఆ కొండల్లో చెట్లకు తప్ప నీకు ఇంకెవురూ కనపడరా! ఈడ మనుషులుండారని తెలీదా!" ఎదురింటి ముసలావిడ షట్టరు కొంచెం ఎత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

జూలై నాలుగు, శుక్రవారం. క్యాంటీన్‌లో పని ముగించి రెండున్నరకు బయటికి వచ్చేసరికి గాలి ఆగిపోయి ఉంది. ఆకు కదలడం లేదు. చొక్కా ఒంటికి అంటుకుంటోంది. పడమట మబ్బు లేచింది గానీ ఈసారి రంగు వేరు, నీలం మీద ఇత్తడి పూసినట్టుంది. బాలామణి ఇంటికి పోలేదు. సైకిల్ తోట వైపు తిప్పింది. గేటు దగ్గరికి చేరేసరికి మొదటి ఉరుము. అక్కడి నుంచి పరుగున పోయి, తోటలో పనిముట్లు పెట్టుకునే చెక్క గదిలో దూరి తలుపు వేసుకుంది. భయం లేదని కాదు. వాళ్ళ ఊళ్ళో పిడుగు పడి ఎద్దులు పోవడం చూసిన మనిషి.

పడింది. మామూలుగా పడలేదు. ముందు గాలి ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీని కంచె దాటించింది. తర్వాత పైకప్పు రేకు మీద రాళ్ళు వేసినట్టు చినుకులు, ఆ వెంటనే చినుకులు వేరుగా కనపడనంత వాన. చిన్న కిటికీలోంచి ఆమె తన నేలనే చూస్తోంది. పక్క తోటల దారుల మీద నీళ్ళు కాలువలై పారుతున్నాయి, ఎండకు గట్టిపడిన ఇసుక వాటిని లోపలికి రానివ్వడం లేదు. ఆమె నేల మీద మాత్రం నీళ్ళు నిలవడం లేదు, పారడం లేదు. పడ్డది పడ్డట్టు తాగేస్తోంది. "తాగు, తాగు తల్లీ, ఇంకా తాగు" అని ఆమె కిటికీకి ముక్కు ఆనించి గట్టిగా అరుస్తోంది. విన్నవాళ్ళెవరూ లేరు గనక సరిపోయింది.

ముప్పావుగంట కురిసి వెలిసింది. ఉరుములు ఓడెన్‌వాల్డ్ దాటి సద్దుమణిగే దాకా ఆగి, బయటికి వచ్చి, నేలలో చెయ్యి దించింది. వేళ్ళు దిగాయి, మణికట్టు దిగింది. జానెడు దాటినా చెమ్మే తగులుతోంది. పిడికిట్లోకి తీసి నొక్కితే మట్టి ముద్దయింది. ఫోన్ తీసింది.

"ఏమండీ, పదునయింది! రుచితను తీసుకుని ఉన్నపళంగా రాండి. ఇత్తనాల సంచి వంటింట్లో అలమర కింద ఉండాది."

"టీం మీటింగ్‌లో ఉన్నానే…"

"ఇసుక నేలండీ ఇది, రేపటికి పైన ఆరిపోతాది. మీటింగ్ రేపు పెట్టుకోండి."

ఆయన వచ్చాడు. మీటింగ్‌కు ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు. జీన్స్ మోకాళ్ళ దాకా మడిచి, పార కర్రకు తాడు కట్టి, అటు చివర నుంచి ఇటు చివరకు సాలు గీశాడు. మొదటి సాలు పాము పోయినట్టు వంకరగా వచ్చింది. "తెనాలి కాలువ లాగుంది" అంది బాలామణి. చాలా రోజులకు ఆ ఇంట్లో వాళ్ళు నవ్వారు. మిగతావి తిన్నగా వచ్చాయి. ఆమె వెనకే నడుస్తూ జానకొక గింజ వదిలేది. రుచిత ముందు మొహం ముడుచుకుని నిలబడింది, తర్వాత బూట్లు విప్పి, "ఇంత దూరమా? ఇంత లోతా?" అని అడుగుతూ రెండో సాలు అందుకుంది. ఎప్పుడో తెలుగులోకి దిగిపోయింది, ఎవరూ గమనించలేదు. తొమ్మిదిన్నరకు వెలుగు పోయే వేళకు ఆఖరి సాలు మూశారు. ముగ్గురి నడుములూ పడిపోయాయి.

మర్నాడు పొద్దున్నే పోయి పైపైన రేక్ ఆడించి, పై పొరను పొడి చేసి వదిలింది బాలామణి. కింది తేమకు అది మూత. తర్వాత ఎండ మళ్ళీ మొదలైంది. ఆదివారం మొలక లేదు, సోమవారం లేదు. మంగళవారం సాయంత్రం వంగి చూస్తే ఒకచోట నేల పగిలి, మెడ వంచుకున్న మొలక ఒకటి. బుధవారానికి వరసలు కనపడ్డాయి. ఆమె ఎవరికీ ఫోన్ చేయలేదు. దిష్టి తగులుతుందని కాసేపు చున్నీ కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

పన్నెండో తారీఖు శనివారం, పదకొండు గంటలకు బ్రెనర్ వచ్చాడు. విశ్వనాథం ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు, ఇంటర్వ్యూకు వచ్చినట్టు. పెద్దాయన గేటు దగ్గరే ఆగిపోయాడు. బోడి నేల మీద ఇరవై రెండు పచ్చటి గీతలు, రెండేసి ఆకులతో. టేపు తీశాడు. పొడుగు కొలిచాడు, వెడల్పు కొలిచాడు, సాళ్ళ పక్కన గొంతుక్కూర్చుని కాగితం మీద గుణించాడు.

"ఎనభై రెండు చదరపు మీటర్లు. ఎనభై కావాలి."

పెద్దాయన ఇంకా లేవలేదు. ఒక మొక్క పక్కన మట్టిలో వేలు గుచ్చాడు. పైన పొడి, కింద చెమ్మ. వేలు చూసుకుని అడిగాడు, "రోజుకు ఎన్ని డబ్బాలు పోస్తున్నారు?"

"ఒక్కటి కూడా పోయలేదు."

"మరి మే నెలలో ఎందుకు వేయలేదు?"

దీనికి ఆమె వారం నుంచి జవాబులు కూర్చుకుంది. నడుము నొప్పి అనాలని, విత్తనాలు ఆలస్యంగా వచ్చాయనాలని, వాటిని జర్మన్‌లో వల్లె కూడా వేసుకుంది. తీరా ఆ ముసలాయన మొహం చూశాక అవేవీ నోటికి రాలేదు.

"వాన కోసం చూశాను. మా ఊళ్ళో జూన్‌లో వస్తుంది, అప్పుడే విత్తుతాం. ఇక్కడా అట్లాగే అనుకున్నాను. తప్పు నాదే. వచ్చే ఏడు మేలోనే వేస్తాను."

బ్రెనర్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. నవ్వుతాడేమోనని ఆమె గుండె రాయి చేసుకుంది. ఆయన నవ్వలేదు. చుట్టూ ఉన్న తోటలవైపు, వాడిపోయిన టమాటాల వైపు ఒకసారి చూశాడు.

"ఈ జూన్‌లో వంద తోటలవాళ్ళమూ వాన కోసమే చూశాం ఫ్రావ్ కొల్లిపర. వస్తే తాగడానికి నేలను తయారుగా పెట్టుకున్నది మీరొక్కరే" అన్నాడు. "గురువారం సంఘం సమావేశం ఉంది. ఈ పైమట్టి కదిలించడం ఎట్లాగో వచ్చి మావాళ్ళకు చూపిస్తారా?"

చూపిస్తానంది.

పెద్దాయన సంచిలోంచి కౌలు కాగితం తీసి, అట్ట మీద పెట్టి, పెన్ను చాపాడు. పదకొండేళ్ళ అలవాటు కదా, విశ్వనాథం చెయ్యి తనంతట తానే ముందుకు పోయింది. బ్రెనర్ అట్టను పక్కకు జరిపాడు.

"మీది కాదు. ఆమెది."

విశ్వనాథం నాలిక్కరుచుకుని వెనక్కి తగ్గి, భార్య సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు. బాలామణి పెన్ను అందుకుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో అందర్నీ నిలబెట్టి, కాగితం మొదటి నుంచి చివరిదాకా ఒక్కో పంక్తీ చదివి, ఇంటిపేరుతో సహా తొందర లేకుండా సంతకం చేసింది.